పల్నాటి మృతుల చిట్టా: ఛాయాస్తంభం నుంచి ‘శ్మశానవాటి’ దాకా – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక కుటుంబం తన పూర్వికులను ఎక్కడ ఖననం చేసిందో తెలుసుకోవాలంటే శ్మశానపు రికార్డు ఉండాలి. పల్నాడులో అటువంటి రికార్డు చాలా కొద్దిమందికే దొరుకుతుంది. అయితే మృతుల పేర్లను నిలిపే ప్రయత్నం ఈ సీమకు కొత్త కాదు. నాగార్జునకొండ ఛాయాస్తంభాలు, కారంపూడి వీరుల ఆరాధన, పల్నాటి వీరగాథ, క్రైస్తవ సంఘాల ఖనన పుస్తకాలు, ప్రభుత్వ మరణ నమోదు – ఇవన్నీ వేరువేరు కాలాల్లో ఏర్పడిన మృతుల చిట్టాలు. వీటిలో ప్రతి ఒక్కటి ఎవరి పేరు నిలిపింది, ఎవరిని వదిలివేసింది, చోటును చెప్పిందా లేదా అన్న ప్రశ్నలతో ఈ వ్యాసం వాటిని పరిశీలిస్తుంది. వినుకొండ కవి గుఱ్ఱం జాషువ ‘శ్మశానవాటి’ని ఈ నేపథ్యంలో చదివినప్పుడు ఆ ఖండిక చెప్పే సమత్వానికి కొత్త అర్థం ఏర్పడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, ఛాయాస్తంభం, వీరగాథ, వీరవిద్యావంతులు, ఖనన పుస్తకం, జాషువ, శ్మశానవాటి.

1. ప్రవేశిక

శ్మశానానికి తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. రుద్రభూమి, వల్లకాడు, బొందలగడ్డ, సమాధుల తోట, ఖబరస్తాన్ – ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క సమాజం ఉంది. ఒకే గ్రామంలో ఇవన్నీ వేరువేరు దిక్కుల్లో ఉండటం పల్నాడులో సామాన్యం. పూడ్చే ఆచారం క్రైస్తవులకూ ముస్లింలకూ మాత్రమే పరిమితం కాదు. వీరశైవులతో పాటు అనేక హిందూ కులాల్లోనూ ఉంది. కాబట్టి ‘మా తాతను ఎక్కడ పూడ్చారు?’ అన్న ప్రశ్న నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు సహజమైన ప్రశ్న. దానికి జవాబు చాలా ఇళ్లలో రెండు తరాల దగ్గర ఆగిపోతుంది. కొడుకుకు చోటు తెలుసు, మనవడికి దిక్కు తెలుసు, మునిమనవడికి ఊరు మాత్రమే తెలుసు.

వంశవృక్షాల పరిశోధనలో శ్మశానపు రికార్డుకు ప్రత్యేకమైన స్థానం ఉంది. పుట్టుకను బడి పుస్తకం చెప్పవచ్చు, ఆస్తిని దస్తావేజు చెప్పవచ్చు. మనిషి చివరికి ఏ మట్టిలో కలిసాడో, ఎవరి పక్కన పడుకున్నాడో చెప్పగలిగేది ఖనన పుస్తకమూ సమాధిరాయీ మాత్రమే. ఆ రెండూ లేనిచోట పరిశోధకుడు ఏ ఆధారాన్ని పట్టుకోవాలి? ఈ ప్రశ్న చరిత్రకు చెందినదిగా కనిపించినా, పల్నాడు విషయంలో సాహిత్య విమర్శకూ చెందుతుంది. ఎందుకంటే ఇక్కడ మృతుల పేర్లను ఎక్కువ కాలం మోసినది పాట.

2. ఛాయాస్తంభం: బంధువులు చెక్కించిన చిట్టా

మాచర్లకు సమీపంలోని నాగార్జునకొండ లోయ క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి నెలవు. 1926లో ఈ క్షేత్రం వెలుగులోకి వచ్చింది. తరువాతి తవ్వకాల్లో స్తూపాలు, విహారాలతో పాటు స్మారక స్తంభాలు కూడా బయటపడ్డాయి. ప్రాకృత శాసనాల్లో వీటికి ‘ఛాయాఖంభ’ అన్న పేరు కనిపిస్తుంది. మరణించినవారి జీవితఘట్టాలను పలకలు పలకలుగా చెక్కి, శాసనంలో వారి పేరును రాయించడం వీటి పద్ధతి.

వీటిలో ప్రసిద్ధమైనది ఇక్ష్వాకు రాజ్యస్థాపకుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుని స్మారక స్తంభం. అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో దీనిని నిలిపారు. నిలిపినవారు చాంతమూలుని తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు. వారి పేర్లు శాసనంలో వరుసగా ఉన్నాయి. రాజు మరణాన్ని గుర్తుచేసే శాసనం ఆ విధంగా ఒక కుటుంబపు స్త్రీల పట్టికగా కూడా మారింది. రాజు యజ్ఞాలు, దానాలు మరొకచోట దొరుకుతాయి; అతని ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఇంత విస్తృతంగా దొరకడానికి కారణం ఈ స్మారకమే. రాజకుటుంబానికి మాత్రమే ఈ గౌరవం దక్కలేదు. సేనానాయకులకు, సైనికులకు, శిల్పవృత్తికి చెందినవారికి కూడా ఈ లోయలో ఛాయాస్తంభాలు నిలిచాయి.

ఇక్కడ గమనించవలసిన సూత్రం ఒకటి ఉంది. పేరు నిలిచింది మరణించినవారి గొప్పతనం వల్ల మాత్రమే కాదు. ఆ పేరును నిలపడం తమ బాధ్యత అని భావించిన బంధువుల వల్ల. ఆ బాధ్యతను రాయిమీదికి ఎక్కించే స్తోమత కూడా వారికి ఉంది. స్తోమత లేని బంధువుల దుఃఖం రాయిని చేరలేదు.

మరొక అంశం చోటుకు సంబంధించినది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నిర్మాణంతో ఈ లోయ జలాశయంలో మునిగింది. తవ్వకాల్లో దొరికిన శిల్పాలను, శాసనాలను కొండమీది ప్రదర్శనశాలకు తరలించారు. స్తంభం దక్కింది, అది నిలిచిన నేల నీటి కిందికి వెళ్ళింది. అదే లోయలోని గ్రామాలు కూడా ఖాళీ అయ్యాయి. ఆ గ్రామాల శ్మశానాలను తరలించేవారు ఎవరూ ఉండరు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మృతుల పేర్లు ప్రదర్శనశాలలో చదవగలిగిన నేటి మనిషి, అదే నేలమీద 1950లకు ముందు పూడ్చిన తన ముత్తవ్వ పేరును ఎక్కడా చదవలేడు. శాసనానికి ఉన్న విలువ గ్రామస్థుని సమాధికి లేకపోవడం పరిరక్షణ చరిత్రలోని సామాన్య లక్షణం. కుటుంబ పరిశోధకునికి మాత్రం అదే పెద్ద ఖాళీ.

3. కారంపూడి: పాటగా నిలిచిన చిట్టా

12వ శతాబ్దం చివరిభాగంలో జరిగినట్లుగా చరిత్రకారులు భావించే పల్నాటి యుద్ధం గురజాల, మాచర్ల రాజ్యాల నడుమ సాగింది. నలగామరాజు, మలిదేవుడు, నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు – ఈ పేర్లు తెలియని తెలుగువారు తక్కువ. యుద్ధభూమి అయిన కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. అక్కడి వీరులు లింగరూపాల్లో పూజలందుకుంటారు. సంప్రదాయం అరవై ఆరుగురు వీరనాయకులను లెక్కిస్తుంది. ఏటా కార్తిక అమావాస్యతో ఆరంభమై ఐదు రోజులు సాగే ఆరాధనోత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఘట్టాలు ఉంటాయి. వీరాచారవంతులైన కుటుంబాలవారు తమ ఇళ్లలో తరతరాలుగా భద్రపరచిన ఆయుధాలను, అంటే కొణతాలను, తీసుకువచ్చి నాగులేటిలో స్నానం చేయించి వీరుల ముందు నిలుపుతారు.

కుటుంబ స్మృతి దృష్టితో చూస్తే ఈ ఆచారం ఒక రికార్డు పద్ధతి. ఒక ఇంటికీ ఒక వీరునికీ ఉన్న సంబంధం కాగితంమీద లేదు. ఆయుధం ఆ సంబంధానికి సాక్ష్యం, ఏటా జరిగే ప్రయాణం దానికి పునర్నమోదు. ఒక తరం రావడం మానివేస్తే ఆ వరుస తెగిపోతుంది. అందువల్ల ఈ చిట్టా ఎన్నడూ పూర్తయిన పుస్తకం కాదు. ప్రతి కార్తికంలో మళ్ళీ రాసుకోవలసిన పుస్తకం.

దీనికి మాట రూపం పల్నాటి వీరగాథ. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. మౌఖిక రూపాన్ని జీన్ హెచ్. రోఘైర్ అలిసెట్టి గాలెయ్య గానం ఆధారంగా అధ్యయనం చేసి 1982లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. విమర్శకులు ఈ గాథను వీరరసం, చారిత్రకత, కర్తృత్వం అనే మూడు కోణాల నుంచి ఎక్కువగా చర్చించారు. మృతుల చిట్టాగా చదివినప్పుడు దీనిలో మరొక నిర్మాణం కనిపిస్తుంది. గాథ ప్రతి ముఖ్యమైన మరణానికీ ఒక చోటు ఇస్తుంది. రాయబారానికి వెళ్ళిన అలరాజు మరణం చర్లగుడిపాడుకు చెందుతుంది. బాలచంద్రుడు, అతని సహచరుల మరణం కారంపూడి రణభూమికి చెందుతుంది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని సంప్రదాయం చెబుతుంది. సమాధి లేని మనిషికి కూడా గాథ ఒక చోటు చూపింది. పల్నాడు పటాన్ని ఎదుట పెట్టుకొని ఈ గాథను చదివితే అది ఊరూరా పరచుకున్న మరణస్థలాల పట్టికగా తోస్తుంది.

ఈ పట్టికలో చేరినవారి విషయం కూడా విశేషమైనది. బాలచంద్రుని సహచరులు వివిధ కులాలవారు. బ్రహ్మనాయుడు కుమారునిగా ఆదరించిన మాల కన్నమదాసు వీరుల వరుసలో నిలిచాడు. చాపకూడును ప్రవేశపెట్టిన బ్రహ్మనాయుని ఆదర్శం మృతుల వరుసలోనూ ప్రతిఫలించింది. అలరాజు భార్య పేరిందేవి, బాలచంద్రుని భార్య మాంచాల వంటి స్త్రీలు కూడా గాథలో నిలిచారు. అయితే భర్త మరణంతో ముడిపడిన సందర్భాలే వారికి గాథలో ప్రధాన స్థానాన్ని ఇచ్చాయి. యుద్ధం తరువాత బ్రతికి, ముసలితనంలో మరణించిన స్త్రీలకు ఈ చిట్టాలో పుట లేదు. వీరమరణమే ఇక్కడ నమోదుకు అర్హత.

ఈ గాథను తరతరాలుగా పాడినవారు వీరవిద్యావంతులు. వారు ప్రధానంగా మాల కులానికి చెందినవారు. వెలమ, బ్రాహ్మణ, క్షత్రియ వీరుల మరణాలను పేరుపేరునా గుర్తుంచుకొని, ఎనిమిది వందల ఏళ్ళ నాటి వరుస తప్పకుండా పాడగలిగిన గాయకుని సొంత తాత, ఊరి చివర వేరుగా ఉన్న బొందలగడ్డలో పేరు లేకుండా మట్టిలో కలిసి ఉంటాడు. ఇతరుల మృతులకు చిట్టాగా నిలిచిన కంఠానికి తన మృతుల కోసం చిట్టా లేదు. గాథను కులసమత్వానికి నిదర్శనంగా చూపే విమర్శ ఈ వైరుధ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

4. కాగితం చిట్టా: సంఘ పుస్తకం, సర్కారు పుస్తకం

పల్నాడులో సామాన్యుని మరణం కాగితం మీదికి ఎక్కడం క్రైస్తవ మిషనుల రాకతో బలపడింది. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయర్ 1842లో గుంటూరుకు వచ్చి, 1849 నాటికి గురజాల కేంద్రంగా పల్నాడులో పనిచేశాడు. రెంటచింతల వంటి చోట్ల కేథలిక్ విచారణలు ఏర్పడ్డాయి. బాప్తిస్మం, వివాహం, మరణం – ఈ మూడింటికీ వేరువేరు పుస్తకాలు ఉంచడం సంఘాల పద్ధతి. ఖననం జరిగిన తరువాత మృతుల పుస్తకంలో నమోదు చేయాలని కేథలిక్ సంఘ ధర్మశాస్త్రం విధిస్తుంది. సంఘాల్లో చేరినవారిలో మాల, మాదిగ కుటుంబాలు అధికం. వీరగాథను పాడిన కులాలవారికి తమ సొంత మృతుల పేర్లను రాసే పుస్తకం ఈ విధంగా మొదటిసారి దొరికింది. దీని సాహిత్య, సామాజిక ప్రాముఖ్యాన్ని మతప్రచార చరిత్రలో ఒక చిన్న అంశంగా వదిలివేయడం సరికాదు.

ఐరోపావారి మృతుల విషయం వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన వారి బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాల నమోదుల ప్రతులు లండన్‌కు వెళ్ళేవి. 1698 నుంచి మొదలయ్యే ఆ వరుస నేడు బ్రిటిష్ లైబ్రరీలో ‘ఎన్/2’ అన్న గుర్తుతో ఉంది. ప్రెసిడెన్సీలోని సమాధి శాసనాలను జూలియన్ జేమ్స్ కాటన్ సేకరించి 1905లో ప్రకటించాడు. మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చి సమాధుల మీద చెక్కిన పేర్లు నేటికీ చదవవచ్చు. సముద్రాలు దాటి వచ్చి తెలుగునేలలో మరణించిన ఒక గుమాస్తా సమాధిని అతని వారసులు నెదర్లాండ్స్ నుంచో, ఇంగ్లండ్ నుంచో వెదకగలరు. ఆ సమాధి రాయిని మోసుకొచ్చిన కూలీ వారసులకు ఆ అవకాశం లేదు.

ప్రభుత్వ నమోదు ఈ లోటును పూరించిందా? మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 నాటి చట్టం, స్వాతంత్ర్యానంతరం 1969 నాటి జనన మరణ నమోదు చట్టం మరణాన్ని రికార్డుకు ఎక్కించాయి. 1969 చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం శ్మశాన నిర్వాహకునికి కూడా మరణ సమాచారం తెలియజేయవలసిన బాధ్యత ఉంది. అయినా ఆ పుస్తకం లక్ష్యం మరణం సంభవించిన వాస్తవం. శరీరం చేరిన చోటు దానికి ప్రధానం కాదు. మరోవైపు రెవెన్యూ రికార్డులు శ్మశానాన్ని పోరంబోకుగా, సర్వే నంబరుతో, విస్తీర్ణంతో చూపుతాయి; అందులో ఎవరున్నారో వాటికి అక్కరలేదు. ఒక పుస్తకంలో మనిషి ఉన్నాడు, నేల లేదు. మరొక పుస్తకంలో నేల ఉంది, మనిషి లేడు. ఈ రెండింటినీ కలిపేది ఇంటి పెద్దల జ్ఞాపకం ఒక్కటే.

కరువులూ రోగాలూ వచ్చినప్పుడు ఆ జ్ఞాపకం కూడా మిగలదు. 1832–33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువు నందననామ సంవత్సరపు కరువుగా జనం నోట నిలిచింది. కరువుకు పేరు మిగిలింది. కరువులో పోయినవారికి పేర్లు మిగలలేదు. పేరు పెట్టి ఏడ్చేవారు కూడా వారితోనే పోవడం దీనికి కారణం.

5. జాషువ ‘శ్మశానవాటి’: బూడిదలో సమత్వం, పేరులో అసమత్వం

1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ రాసిన ‘శ్మశానవాటి’ ఖండిక తెలుగులో మరణాన్ని గురించి వచ్చిన రచనల్లో అత్యంత జనాదరణ పొందినవాటిలో ఒకటి. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను సందర్భంలో నటులు దీనిలోని పద్యాలను పాడటంతో చదువురానివారి నోటికి కూడా ఇవి చేరాయి. కవి కలం, ఇల్లాలి నల్లపూసలు, రాజుల అధికార ముద్రలు, చిత్రకారుని కుంచె – అన్నీ అక్కడే అంతరించిపోవడాన్ని కవి చూపుతాడు. అంటరానితనానికి అక్కడ చోటు లేదని ప్రకటిస్తాడు.

సంప్రదాయ విమర్శ ఈ ఖండికను రెండు విధాలుగా చదివింది: వైరాగ్యబోధగా ఒకటి, సమత్వ ప్రకటనగా మరొకటి. రెండవ పఠనం మొదటిదానికంటే బలమైనది. అయినా పల్నాటి శ్మశానాల వాస్తవాన్ని పక్కన పెట్టి చదివితే అది అసంపూర్ణం. జాషువ పుట్టిన సీమలో శ్మశానాలు కులాల వారీగా విడివడి ఉన్నాయి. అంటరానితనం బ్రతుకంతా అనుభవించిన కవికి ఈ సంగతి తెలియదని అనుకోవడం సాధ్యం కాదు. కాబట్టి ఖండికలోని శ్మశానం కవి చూసిన శ్మశానం కాదు, ఉండవలసిన శ్మశానం. వర్ణనగా కనిపించే ఆ పద్యాలను అభియోగంగా చదవాలి: చావు అంగీకరించిన సమత్వాన్ని, చచ్చినవారిని మోసుకువచ్చే మనుషులు మాత్రం అంగీకరించడం లేదు.

ఈ ఖండికను ఆంగ్లకవి థామస్ గ్రే 1751లో ప్రకటించిన శ్మశాన విలాపగీతం పక్కన పెట్టినప్పుడు ఒక భేదం స్పష్టమవుతుంది. గ్రే కూడా అనామకులైన పల్లెవాసుల సమాధుల నడుమ నిలిచాడు. అయితే ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి సంఘం ఖననాల పుస్తకం ఉంచాలన్న ఆజ్ఞ ఉంది. గ్రే దృష్టిలో కీర్తి లేనివారైన ఆ పల్లెవాసులు పుస్తకంలో పేరు లేనివారు కారు. వారి వారసుడు ఆ పుస్తకం తెరచి వారిని వెదకవచ్చు. జాషువ శ్మశానంలోని సామాన్యునికి కీర్తీ లేదు, పుస్తకమూ లేదు. గ్రే కవితలోని విషాదం దక్కని అవకాశం గురించి. జాషువ ఖండికలోని విషాదం అంతకంటే లోతైనది: ఇక్కడ మనిషి ఉన్నాడన్న సాక్ష్యమే నిప్పులో కరిగిపోతుంది.

‘శ్మశానవాటి’లో కరిగిపోయే వస్తువులను మరొకసారి గమనించాలి. కలం, ముద్ర, కుంచె – ఇవన్నీ గుర్తును మిగిల్చే పరికరాలు. కలం కరిగినా కవి పద్యం మిగులుతుంది. ముద్ర కరిగినా రాజు శాసనం మిగులుతుంది. కుంచె కరిగినా చిత్రం మిగులుతుంది. గుర్తును మిగిల్చే పరికరం ఏనాడూ చేతికి అందనివాని సంగతి వేరు. అతనికి ఆ నిప్పు చివరి అక్షరాన్ని కూడా చెరిపివేస్తుంది. బూడిదలో అందరూ సమానమే. చెరిగిపోవడంలో మాత్రం సమానం కాదు. సమత్వ పద్యంగా పేరుపొందిన ఖండికలో ఈ అసమత్వం కూడా దాగి ఉందని గుర్తించినప్పుడే దాని పూర్తి బరువు తెలుస్తుంది.

6. అన్వేషణకు పఠన పద్ధతి

పై పరిశీలన నుంచి పల్నాడులో కుటుంబ ఖననాలను వెదికేవారికి ఉపయోగపడే కొన్ని పఠన సూత్రాలు ఏర్పడతాయి. మొదటిది పేరు. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బాప్తిస్మంలో మరొక పేరు, సర్కారు కాగితంలో ఇంకొక పేరు ఉండవచ్చు. మిషనరీల రోమన్ లిపి రాతలో ఊరిపేర్లు, ఇంటిపేర్లు రూపం మారాయి. పేరొక్కదానితో కాక ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కలిపి చూడాలి. రెండవది కాలం. పెద్దలు చావును తారీఖుతో చెప్పరు. కరువుతో, తుపానుతో, తెలుగు సంవత్సరం పేరుతో, పండుగకు ముందో తరువాతో చెబుతారు. ఆ కాలగణనను క్రీస్తుశకంలోకి మార్చగలిగితే పుస్తకంలో వెదకవలసిన పుటలు తగ్గుతాయి. మూడవది ఆచారం. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే ఇంట్లో ఎవరి పేర్లు తలుస్తారో, ఏ క్రమంలో తలుస్తారో రాసుకుంటే అది రాయని వంశావళి. సమాధుల పండుగనాడు కొవ్వొత్తి ఏ మట్టిదిబ్బ మీద వెలిగిస్తారో గమనిస్తే అది రాయని ఖనన పటం.

నాలుగవది, ముఖ్యమైనది: స్మారకాన్నీ సమాధినీ ఒకటిగా భావించరాదు. ఛాయాస్తంభం, కారంపూడి లింగం, ఇంటి కొణతం – ఇవి స్మృతిస్థానాలు. దేహం అక్కడే ఉన్నదన్న సాక్ష్యాన్ని ఇవి ఇవ్వవు. దేహం ఉన్నచోట పేరు లేకపోవడం, పేరు ఉన్నచోట దేహం లేకపోవడం పల్నాటి మృతుల చిట్టాకు మౌలిక లక్షణం.

7. ముగింపు

• మృతుల పేర్లు నిలవడానికి రాయి, పాట, కాగితం అనే మాధ్యమం ఒక్కటే చాలదు. పేరును చెప్పడం తన బాధ్యత అని భావించే వ్యక్తి లేదా వ్యవస్థ ఉండాలి. చాంతమూలునికి అతని ఇంటి స్త్రీలు, పల్నాటి వీరులకు వీరవిద్యావంతులు, సంఘస్థులకు ఖనన పుస్తకం ఆ బాధ్యతను వహించాయి.

• ప్రతి చిట్టాకూ ఒక అర్హతా నియమం ఉంది. ఛాయాస్తంభానికి స్తోమత, వీరగాథకు వీరమరణం, సంఘ పుస్తకానికి సభ్యత్వం. ఈ మూడింటికీ వెలుపల ఉన్నవారు పల్నాటి మృతుల్లో అధిక సంఖ్యాకులు.

• పల్నాటి వీరగాథను మరణస్థలాల పట్టికగా చదివినప్పుడు దాని భౌగోళిక నిర్మాణం, దానిని మోసిన గాయకుల సామాజిక స్థితి కొత్తగా అర్థమవుతాయి.

• జాషువ ‘శ్మశానవాటి’ని వైరాగ్యబోధగా కాక, వేరువేరు శ్మశానాల సమాజం మీద చేసిన అభియోగంగా చదవడం సముచితం.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. కొత్త జిల్లాకు స్థానిక చరిత్రలు రాసే ప్రయత్నాలు జరిగేటప్పుడు కోటలు, గుళ్ళు, యుద్ధభూములతో పాటు గ్రామ శ్మశానాలు కూడా ఆ చరిత్రలో చేరాలి. సంఘాల ఖనన పుస్తకాలు చెదలు పట్టకముందే ప్రతులు తీయాలి. ప్రతి ఊరిలో ‘ఇక్కడ ఎవరున్నారు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల చివరి పెద్దలు ఇంకా ఉన్నారు. వీరవిద్యావంతుని నోట వీరుల పేర్లు రాసుకున్న పరిశోధకుడు, అదే నోట ఆ గాయకుని తల్లిదండ్రుల పేర్లు, వారిని పూడ్చిన చోటు కూడా రాసుకున్ననాడు పల్నాటి మృతుల చిట్టాలో అన్నిటికంటే పెద్ద ఖాళీ పూరించడం మొదలవుతుంది.